సబర్ చెయ్యమని చెప్పేవాళ్ల మీద ఉన్న బాధ్యత

జనాజా ఉన్న ఇంట్లో అందరి నోటా వినిపించే మాట ఒకటే, "సబర్ చెయ్యమ్మా". ఊరు గుంటూరైనా, కర్నూలైనా, హైదరాబాద్ పాతబస్తీ అయినా ఆ మాట మారదు. ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు కూడా ఈ ఒక్కదానికి 'ఓర్పు' అనరు, 'సబర్' అనే అంటారు. చెప్పేవాళ్ల మనసులో చెడు ఏమీ ఉండదు. ఏం మాట్లాడాలో తోచనప్పుడు నోటికొచ్చే మంచి మాట అది. కానీ ఏళ్ల తరబడి మంచాన ఉన్న రోగికి, అత్తింట్లో దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు, అప్పులవాళ్లకు మొహం చూపించలేక తిరుగుతున్న తండ్రికి కూడా అంతే తేలిగ్గా ఈ మాట చెప్పేస్తుంటారు. అక్కడ దాని అర్థం మెల్లగా మారిపోతుంది. 'నీ బాధ ఇక మాకు చెప్పకు' అన్నట్టు వినిపిస్తుంది.

అరబీలో సబర్ అన్న మాటకు మూలంలో పట్టి ఉంచడం, నిలిపి ఉంచడం అనే అర్థం ఉంది. ఉలమా దీన్ని మూడు రకాలుగా చెబుతారు. అల్లాహ్ ఆజ్ఞలు పాటించడంలో నిలకడగా ఉండటం ఒకటి, పాపం వైపు వెళ్లకుండా తనను తాను ఆపుకోవడం ఇంకొకటి, కష్టం వచ్చినప్పుడు తట్టుకోవడం మూడోది. మన ఇళ్లలో మూడోది మాత్రమే మిగిలింది. అది కూడా ఎదుటివాళ్లకు చెప్పడానికే.

సబర్ గురించి చాలామందికి తెలిసిన హదీసు ఒకటుంది. అసలైన సబర్ మొదటి దెబ్బ తగిలిన క్షణంలోనే అన్న భావం అందులో ఉంది. బయాన్లలో, వాట్సాప్‌లో తరచూ ఈ ఒక్క వాక్యమే తిరుగుతూ ఉంటుంది. ఆ మాట వెనుక జరిగిన సంగతి చాలామందికి తెలియదు. హజ్రత్ అనస్ (రజి) చెప్పిన ప్రకారం, దైవప్రవక్త (స) దారిలో వెళ్తుండగా ఒక స్త్రీ సమాధి దగ్గర కూర్చుని ఏడుస్తోంది. అల్లాహ్‌కు భయపడమని, సబర్ చేయమని ఆయన చెప్పారు. ఎదురుగా ఉన్నది ఎవరో ఆమె గుర్తుపట్టలేదు. నా దారిన నన్ను వదిలెయ్యి, నాకొచ్చిన కష్టం నీకు రాలేదు కదా అన్నట్టు విసురుగా మాట్లాడింది. ఆయన ఏమీ అనలేదు, వెళ్లిపోయారు. తర్వాత ఎవరో ఆమెకు చెప్పారు, నీతో మాట్లాడింది దైవప్రవక్త అని. ఆమె పరుగున ఆయన ఇంటికి వెళ్లింది. గుమ్మం దగ్గర కాపలావాళ్లెవరూ లేరు. గుర్తుపట్టలేదని చెప్పుకుంది. అప్పుడు ఆయన చెప్పిందే ఆ మొదటి దెబ్బ మాట.

ఇందులో గమనించాల్సింది ఆ మధ్యలో జరిగిన సంగతి. దుఃఖంలో ఉన్న మనిషి విసుక్కుంటే ఆయన గద్దించలేదు, తాను ఎవరో చెప్పి భయపెట్టలేదు, పక్కవాళ్లతో ఆమె ఈమాన్ గురించి మాట్లాడలేదు. ఒక్కసారి చెప్పి తప్పుకున్నారు. ఆమె తేరుకుని వచ్చినప్పుడు తలుపు తెరిచే ఉంది. మన దగ్గర చావింట్లో గట్టిగా ఏడ్చిన ఆడవాళ్ల గురించి తర్వాత నెల రోజులు చెప్పుకునేవాళ్లు ఈ మధ్య భాగాన్ని ఇంకొక్కసారి చదవాలి.

ఏడుపు సబర్‌కు విరుద్ధమన్న అపోహ ఇంకా పోలేదు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పాలుతాగే వయసులోనే చనిపోయినప్పుడు ఆయన కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, మీరు కూడానా అన్నారు. ఇది దయ అని ఆయన జవాబిచ్చారు. కళ్లు చెమరుస్తాయి, గుండె బాధపడుతుంది, నోటి నుంచి మాత్రం ప్రభువుకు నచ్చని మాట రాదని చెప్పారు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఇబ్రాహీం చనిపోయినందుకే సూర్యుడికి గ్రహణం పట్టిందని జనం అనుకోసాగారు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి ఆ మాట వింటే ఎంతో కొంత ఊరటగానే ఉంటుంది. అయినా ఆయన ఒప్పుకోలేదు. నమాజ్ చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు, ఎవరి చావు కోసమూ, పుట్టుక కోసమూ వాటికి గ్రహణం పట్టదని అందరికీ చెప్పారు. కన్నీళ్లు ఆగకపోయినా బాధ్యత ఆగలేదు. దుఃఖం ఎంతున్నా ఒక అబద్ధపు నమ్మకాన్ని జనంలో తిరగనివ్వలేదు.

హజ్రత్ యాఖూబ్ (అ) సంగతి కూడా ఇలాంటిదే. యూసుఫ్ (అ) కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడిపోయాయని దివ్యఖుర్ఆన్ చెబుతుంది. 'చక్కని సబర్' అన్న మాట వచ్చింది కూడా ఆయన నోటి నుంచే. ఆ సబర్‌లో కన్నీళ్లున్నాయి, అల్లాహ్‌తో చెప్పుకున్న మొర ఉంది. వీటికి తోడు కొడుకులను పిలిచి, వెళ్లి యూసుఫ్‌నూ అతని తమ్ముడినీ వెతకండి, ఆశ వదులుకోకండి అని పంపడమూ ఉంది. అన్నేళ్ల తర్వాత కూడా వెతకమనే అన్నారు.

హాజిరా పరుగు

హజ్‌కో, ఉమ్రాకో వెళ్లొచ్చినవాళ్లు సయీ గురించి చెప్పేటప్పుడు కాళ్ల నొప్పుల సంగతి ముందు చెబుతారు. సఫా నుంచి మర్వా దాకా సుమారు 450 మీటర్లు. ఏడుసార్లకు మూడు కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పుడు పైన కప్పు ఉంది, కింద పాలరాయి ఉంది, చల్లటి గాలి వస్తుంది. హజ్రత్ హాజిరాకు అప్పుడు అక్కడ చెట్టు లేదు, మనిషి లేడు, నీటి చుక్క లేదు. ఒళ్లో పాలు తాగే బిడ్డ. భర్త ఇబ్రాహీం (అ) వదిలి వెళ్తుంటే వెంటపడి అడిగింది, ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని. అవునన్నారు. అయితే ఆయన మమ్మల్ని వదిలెయ్యడని చెప్పి వెనక్కి వచ్చింది.

అంతటి నమ్మకం ఉన్న మనిషి తోలుసంచిలో నీళ్లు అయిపోగానే చేతులు కట్టుకుని కూర్చోలేదు. గుట్ట ఎక్కి చూసింది, దిగి పరుగెత్తింది, ఇంకో గుట్ట ఎక్కింది. ఒక్కసారి చూస్తే సరిపోయేది కదా, ఎవరూ లేరని తెలిసిపోయేది. ఏడుసార్లు తిరిగింది. చివరికి నీళ్లు వచ్చింది ఆమె పరుగెత్తిన దారిలో కాదు, బిడ్డ పడుకున్న చోట. అయినా కోట్లమంది ముస్లింలు నేటికీ ఆరాధనగా చేస్తున్నది ఆమె పరుగునే.

బుఖారీలో ఉన్న ఈ హదీసు అక్కడితో ఆగదు. ఆ తర్వాతి సంగతి చాలా తక్కువమంది చెబుతారు. నీళ్లు ఉబికి వస్తుంటే ఆమె చేతులతో చుట్టూ గట్టు కట్టింది. కొన్నాళ్లకు జుర్‌హుమ్ తెగవాళ్లు అటు వచ్చి, ఇక్కడ ఉండవచ్చా అని అడిగారు. ఉండండి, కానీ ఈ నీటి మీద మీకు హక్కు ఉండదని షరతు పెట్టింది. ఎడారిలో ఒంటరిగా బిడ్డతో ఉన్న తల్లికి మనుషుల తోడు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. ఆ అవసరంలో కూడా బిడ్డ హక్కును వదులుకోలేదు. సబర్ గల స్త్రీ అంటే అడిగినదల్లా ఇచ్చేసే స్త్రీ అనుకునేవాళ్లకు ఈ షరతు కొంచెం ఇబ్బందిగానే ఉండాలి.

రోగం వచ్చినప్పుడు

హజ్రత్ అయ్యూబ్ (అ) పేరు చెప్పకుండా రోగిని పరామర్శించడం మనవాళ్లకు రాదు. అయ్యూబ్ (అ) తన బాధను అల్లాహ్‌కు చెప్పుకున్నారు. జవాబుగా కాలితో నేలను తన్నమన్న ఆజ్ఞ వచ్చింది, చల్లటి నీళ్లు వచ్చాయి, స్నానానికీ తాగడానికీ. అంతటి ప్రవక్తకు కూడా నయం కావడానికి ముందు కాలు కదపమనే చెప్పడం జరిగింది. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పి ఉండగా, డయాలసిస్ మానేసి దువాతోనే సరిపెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు రోగికి చేసే మేలు ఏమీ లేదు.

ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అనే సహాబీ మొలల వ్యాధితో బాధపడేవారు. నమాజ్ ఎలా చేయాలని అడిగారు. నిలబడి చెయ్యి, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని చెయ్యమని దైవప్రవక్త (స) నేర్పారు. ఈ రోజు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మస్జిద్‌లో కుర్చీ మీద కూర్చోవడానికి ఆధారం ఒక రోగి సిగ్గుపడకుండా అడిగిన ఆ ప్రశ్నే. ధర్మం బరువును మనిషి ఒంటిని బట్టి తగ్గించింది, బాధ్యతను పూర్తిగా తీసేయలేదు. రమజాన్‌లో షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతున్నా రోజా విడవనని పట్టుబట్టే అమ్మలు, అమ్మమ్మలు మన ఇళ్లలో ఉన్నారు. రోగికి ఇచ్చిన వెసులుబాటు దివ్యఖుర్ఆన్‌లోనే, రోజాలను విధించిన చోటనే ఉందని ఇంట్లో పిల్లలే నెమ్మదిగా చెప్పాలి.

కొన్నిసార్లు ఒకే ఆపదలో ఇద్దరి బాధ్యతలు రెండు రకాలుగా ఉంటాయి. హిజ్రీ 18లో, అంటే క్రీ.శ. 639 ప్రాంతంలో, షామ్‌లో పెద్ద ప్లేగు వచ్చింది. పాలస్తీనాలోని అమ్‌వాస్ ఊరి పేరుతో దాన్ని పిలుస్తారు. ఖలీఫా ఉమర్ (రజి) అటు బయలుదేరి సర్‌గ్ అనే చోట ఈ వార్త విన్నారు. ముహాజిర్లను పిలిచి అడిగారు, అన్సార్లను అడిగారు, ఖురైష్ పెద్దలను అడిగారు. చివరికి వెనక్కి వెళ్దామని నిర్ణయించారు. షామ్ సేనాధిపతి అబూ ఉబైదా (రజి)కి ఇది నచ్చలేదు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోవడమా అని అడిగారు. అవును, ఒక విధి నుంచి అల్లాహ్‌దే అయిన ఇంకో విధి వైపు వెళ్తున్నామని ఉమర్ (రజి) జవాబు. ఒక లోయలో ఒక పక్క పచ్చిక, ఇంకో పక్క ఎండిన నేల ఉంటే, ఒంటెలను పచ్చిక వైపు తోలినా అది విధే కదా అని వివరించారు. ఇంతలో అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి హదీసు చెప్పారు: అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్లకండి, మీరున్న ఊళ్లో వస్తే అక్కడి నుంచి పారిపోకండి.

ఉమర్ (రజి) మదీనాకు తిరిగి వెళ్లారు. అబూ ఉబైదా (రజి) తన మనుషుల దగ్గరికి తిరిగి వెళ్లి, అక్కడే ఆ వ్యాధితోనే కన్నుమూశారు. ఇద్దరిలో ఎవరిది సబర్ అని అడగడంలో అర్థం లేదు. వెనక్కి తిరగడం ఒకరి బాధ్యత, ఉండిపోవడం మరొకరి బాధ్యత. 2020లో మస్జిద్‌లలో జమాత్ ఆపినప్పుడు ఉలమా గుర్తుచేసింది ఈ హదీసునే. అదే కోవిడ్ కాలంలో హైదరాబాద్‌లో ముస్లిం యువకుల బృందాలు, సొంతవాళ్లే ముట్టుకోవడానికి భయపడిన శవాలకు మతం చూడకుండా అంత్యక్రియలు చేశాయి. ఇంట్లో ఉండిపోయినవాళ్లూ, పీపీఈ కిట్లు వేసుకుని శ్మశానాలకు వెళ్లినవాళ్లూ చేసింది ఒకే హదీసులోని రెండు సగాలు.

ఆడపిల్లకు చెప్పే సబర్

అన్నిటికంటే ఎక్కువగా ఈ మాట దుర్వినియోగం అయ్యేది ఇక్కడే. "కొట్టినా మొగుడే కదా, సబర్ చెయ్యి బేటీ, పిల్లల మొహం చూసి ఉండిపో." చెప్పేది తల్లే కావచ్చు, ఖాలా కావచ్చు. ఆ రాత్రి ఆ గదిలో ఉండేది మాత్రం ఆ అమ్మాయే.

సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి, ఇక అతనితో కలిసి ఉండలేనని చెప్పింది. ఆయన సబర్ మీద ప్రసంగం చేయలేదు. మహర్‌గా తీసుకున్న తోట తిరిగి ఇస్తావా అని అడిగారు. ఇస్తానంది. విడదీశారు. ఖులాకు పునాది ఈ సంఘటనే.

బరీరా (రజి) సంగతి ఇంకా లోతైనది. ఆమె బానిసగా ఉండి విముక్తి పొందింది. భర్త ముగీస్ అప్పటికి బానిసే, కాబట్టి అతనితో ఉండాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే. ఆమె వద్దంది. ముగీస్ మదీనా వీధుల్లో ఆమె వెనకాలే తిరుగుతూ గడ్డం తడిసేలా ఏడ్చేవాడు. చూసి దైవప్రవక్త (స)కు జాలి కలిగింది. అతని దగ్గరికి తిరిగి వెళ్లకూడదా అని ఆమెను అడిగారు. ఇది ఆజ్ఞా అని బరీరా అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే నాకు అతను అక్కర్లేదని చెప్పేసింది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. దైవప్రవక్త (స) సిఫారసుకే కాదనే హక్కు ఒక మాజీ బానిస స్త్రీకి ఉండగా, మొహల్లా పెద్దమనుషుల సిఫారసును ఆజ్ఞలా ఎందుకు తీసుకోవాలో ఎవరైనా చెప్పాలి.

కాపురం నిలబెట్టడానికి ప్రయత్నించడం మంచిదే. రెండు వైపులా ఒక్కో పెద్దను పెట్టి మాట్లాడించమని ఖుర్ఆన్ చెప్పింది కూడా. అయితే ఆ పెద్దలు దెబ్బలు తిన్న అమ్మాయికి మాత్రమే సబర్ బోధించి, కొట్టినవాడికి చాయ్ ఇచ్చి పంపితే అది రాజీ అనిపించుకోదు. తనను తాను ఆపుకోవడం సబర్‌లో రెండో రకం అయినప్పుడు, చెయ్యి ఎత్తేవాడికే ఆ పాఠం ముందు కావాలి. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లోనే వచ్చింది, ఆపదలో 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు ఆడపిల్లల ఫోన్లలో ఉండటం ఏ సబర్‌కూ అడ్డు కాదు.

జాఫర్ ఇంటికి వెళ్లిన భోజనం

మళ్లీ చావింటికి వస్తే, అక్కడ చుట్టూ ఉన్నవాళ్ల బాధ్యతకు హిజ్రీ 8లో, క్రీ.శ. 629లో జరిగిన ముఅతా యుద్ధం తర్వాతి రోజులు మంచి ఉదాహరణ. దైవప్రవక్త (స) పినతండ్రి కుమారుడు జాఫర్ (రజి) ఆ యుద్ధంలో షహీద్ అయ్యారు. ఆయన భార్య అస్మా బిన్త్ ఉమైస్ (రజి) ఆ రోజు పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి ఉంచింది. దైవప్రవక్త (స) ఇంటికి వచ్చి పిల్లలను పిలిచి దగ్గరికి తీసుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూసి ఆమెకు అర్థమైపోయింది. ఆయన తన ఇంటికి వెళ్లి, జాఫర్ ఇంటివాళ్లకు భోజనం తయారుచేయండి, వాళ్లకు వచ్చిన కష్టంలో వాళ్లకు తీరిక ఉండదని చెప్పారు. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చి, మంగలిని పిలిపించి పిల్లలకు తల గొరిగించారు. తండ్రిలేని పిల్లలయ్యారని తల్లి దిగులుపడితే, వీళ్ల బాధ్యత నాది అన్నారు.

ఇదంతా చాలా మామూలు పనులు. వంట, పిల్లల జుట్టు, ఎవరో ఒకరు 'నేనున్నాను' అనడం. మన దగ్గర కూడా మొదటి రోజు పక్కింటివాళ్లు భోజనం పంపే మంచి అలవాటు ఇంకా ఉంది. కానీ మూడో రోజు జియారత్‌కో, నలభయ్యో రోజు చెహ్లుమ్‌కో లెక్క తిరగబడుతుంది. చనిపోయినవాళ్ల ఇంట్లోనే డేగ్‌లు ఎక్కుతాయి, వచ్చినవాళ్లు తిని వెళ్తారు. ఆటో నడిపే మనిషి ఆస్పత్రి ఖర్చులతోనే అప్పులపాలై చనిపోతే, బిర్యానీ పెట్టకపోతే జనం ఏమనుకుంటారోనని భార్య మళ్లీ అప్పు చేస్తుంది. ఈసాలె సవాబ్ విషయంలో వర్గాల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి, ఆ చర్చ వేరు. కానీ వారసుల్లో మైనర్ పిల్లలు ఉన్నప్పుడు వాళ్ల వాటా సొమ్ముతో విందు చేయకూడదన్న దాంట్లో అభిప్రాయభేదం లేదు. అనాథల సొమ్ము తినడం గురించి ఖుర్ఆన్ హెచ్చరిక ఎంత కఠినంగా ఉందో అందరికీ తెలుసు.

ఇంకో ఆచారం ఉంది, చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడాలి. జనాజా లేవకముందే, స్పృహ సరిగా లేని భార్య దగ్గరికి నలుగురు ఆడవాళ్లు వెళ్లి "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. మొదటి దెబ్బ తగిలిన ఆ క్షణంలో ఆమె దేనికైనా తల ఊపుతుంది. చెల్లించని మహర్ భర్త మీద ఉన్న అప్పు. ఇష్టపూర్వకంగా వదులుకుంటేనే అది మాఫీ. ఆస్తి పంచేటప్పుడు వరస కూడా స్పష్టం: ముందు కఫన్, దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత మూడో వంతుకు మించని వసీయత్, ఆ పైన వారసుల వాటాలు. మహర్ అప్పుల్లోకే వస్తుంది కాబట్టి కొడుకుల కంటే, అన్నదమ్ముల కంటే ముందు తీరాలి. అది పోగా పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు వాటా వేరే ఉంది.

ఆ తర్వాత ఇద్దత్. నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే కాన్పు అయ్యేదాకా. ఈ కాలంలో గడప దాటకూడదని చెప్పి బ్యాంకు పని, పింఛను పని అన్నీ ఆపేస్తారు, లేదా మరిది చేతికి సంతకాలు పెట్టిన కాగితాలు వెళ్లిపోతాయి. హజ్రత్ జాబిర్ (రజి) తల్లి సోదరికి తలాక్ జరిగి ఇద్దత్‌లో ఉన్నప్పుడు తన ఖర్జూరాలు కోసుకోవడానికి బయలుదేరితే ఒకరు అడ్డుకున్నారు. ఆమె వెళ్లి దైవప్రవక్త (స)ను అడిగింది. వెళ్లి నీ ఖర్జూరాలు కోసుకో, దానిలోంచి దానమో, మంచి పనో చేస్తావు కదా అన్నారు ఆయన. భర్త చనిపోయి ఇద్దత్‌లో ఉన్న స్త్రీ జీవనావసరాల కోసం పగటిపూట బయటికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరవచ్చని హనఫీ ఫిఖ్‌హ్ కూడా చెబుతుంది.

మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. ఆస్పత్రిలో చనిపోతే ఆస్పత్రి వాళ్లే సమాచారం ఇస్తారు, ఇంట్లో పోతే ఇంటివాళ్లే చెప్పాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే బ్యాంకు ఖాతా కదలదు, వితంతు పింఛను దరఖాస్తు ముందుకు పోదు, భర్తకు పీఎఫ్ ఉంటే ఆమెకూ పిల్లలకూ రావాల్సిన నెలవారీ పింఛనూ ఆగుతుంది. మొదటి వారంలో ఆమెకు ఇవేవీ గుర్తుండవు. పరామర్శకు వచ్చినవాళ్లలో చదువుకున్న కుర్రాడు ఒకడు ఆధార్ జిరాక్స్‌లు తీసుకుని ఆ ఆఫీసుకు వెళ్లొస్తే చాలు. ఆమె స్వయంగా రావాల్సిన రోజున ఆటో మాట్లాడి, తోడుగా ఇంకో ఆడమనిషిని పంపితే ఇంకా మంచిది.